డబ్బుకు వాన అని పేరు పెట్టుకున్న దేశం

మావారు మొదటి నెల జీతం తెచ్చి దేవుడి పటం ముందు పెట్టిన సాయంత్రం, ఆ నోట్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. వాటి మీద ‘పులా’ అని ఉంది. ఆ మాటకు అర్థం ఏమిటని కంచె అవతల ఉన్న పక్కింటావిడను అడిగాను. ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆకాశంలోకి చూపించి, పది వేళ్లూ ఆడిస్తూ చేతులను నేల దాకా దించింది. వాన!

మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి దగ్గర పెన్న ఒడ్డున ఒక పల్లె. నాకు బుద్ధి తెలిశాక ఏరు నిండుగా పారడం ఎన్నిసార్లు చూశానో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. ఎండాకాలమంతా ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్లం. వేరుశనగ విత్తిన దగ్గర నుంచి మా నాన్న పొద్దున్నే లేచి మొదట మొక్కేది మబ్బుకే. అటువంటి ఇంటి పిల్లను, డబ్బుకు వాన అని పేరు పెట్టుకున్న దేశంలో కాపురం పెట్టాను. ఆ రాత్రి నాన్నకు రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం అదే.

అది 1983. ఆ దేశం ఆఫ్రికా దక్షిణ భాగాన ఉన్న బోట్స్వానా. దానికి స్వాతంత్ర్యం వచ్చింది 1966 సెప్టెంబరు 30న. అంటే మేము దిగేనాటికి ఆ దేశానికి పదిహేడేళ్లు నిండలేదు, నాకంటే పదేళ్లు చిన్నది. సొంత డబ్బు ఇంకా ఆలస్యంగా, 1976 ఆగస్టులో వచ్చింది. అంతవరకు దక్షిణాఫ్రికా రాండ్ చలామణీ అయ్యేది. పులాలో నూరో వంతు తెబె. తెబె అంటే డాలు. ఇరవై అయిదు తెబెల నాణెం మీద మూపురం ఉన్న పశువు బొమ్మ చూసినప్పుడు మా పశువుల కొట్టం గుర్తుకు వచ్చింది. వాళ్ల రాజముద్రలో ఒక జీబ్రా జొన్నకంకి పట్టుకుని నిలబడి ఉంటుంది. జెండాలోని లేత నీలం నీళ్లకు గుర్తు. ముద్ర కింద రాసుకున్న నినాదం కూడా ఆ ఒక్క మాటే, పులా. సభల్లో పెద్దలు ఉపన్యాసం ముగించగానే జనమంతా గొంతెత్తి ‘పులా!’ అని అరిచేవారు. మనం జై అన్నట్టు వాళ్లు వాన అంటారు.

ఆ రోజుల్లో ఇథియోపియాకు, జాంబియాకు, నైజీరియాకు మన ఉపాధ్యాయులు చాలామంది వెళ్లేవారు. మావారు ఫిజికల్ సైన్స్ చెప్పేవారు. పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టారు. రెండేళ్ల ఒప్పందం, చివర గ్రాట్యుటీ, ఉండడానికి ఇల్లు. చెల్లెళ్ల పెళ్లిళ్ల అప్పు తీరితే చాలు, వచ్చేద్దాం అన్నారు. బొంబాయి నుంచి నైరోబీ, లుసాకా మీదుగా వెళ్లాం. మా పెట్టెల్లో బట్టలకంటే చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపొడి బరువెక్కువ. మా పాస్‌పోర్టులు దక్షిణాఫ్రికాకు తప్ప అన్ని దేశాలకూ చెల్లుతాయని వాటి మీద రాసి ఉండేది. వర్ణవివక్ష పాలనను మన దేశం అంగీకరించలేదు కనుక ఆ నియమం. ఆ సరిహద్దు మాత్రం మాకు చాలా దగ్గర. దుకాణంలో సబ్బు, నూనె, బిస్కెట్లు అన్నీ అక్కడి నుంచే వచ్చేవి.

మేము ఉన్న ఊరు మహలాప్యే. రాజధాని గాబరోన్‌కు ఉత్తరాన రెండు వందల కిలోమీటర్లు. రైలు మార్గం, పెద్ద రోడ్డు రెండూ ఆ ఊరి మీదుగానే పోతాయి. గాబరోన్ నుంచి వచ్చేటప్పుడు దారిలో మకరరేఖ దాటాలి, రోడ్డు పక్కన బోర్డు ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు పన్నెండు కిలోమీటర్లే ఉండేదని అక్కడి పెద్దలు చెప్పుకునేవారు. మేము వెళ్లేసరికి వజ్రాల గనుల రాబడితో రోడ్లు, బడులు, ఆసుపత్రులు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. ఒరాపా గని అప్పటికే నడుస్తోంది, జ్వానెంగ్ గని మేము వెళ్లడానికి ముందు ఏడాదే తెరిచారు. ఎక్కడ చూసినా కొత్త సిమెంటు వాసన.

ఊళ్లో ఒక ఏరు ఉంది. మొదటి ఆదివారం చూడడానికి వెళితే అంతా ఇసుక. ఆ ఇసుకలో ఇద్దరు ఆడపిల్లలు మోకాళ్ల మీద కూర్చుని గుంట తవ్వుతున్నారు. గుంటలో నీరు ఊరింది. డబ్బాతో తోడి బకెట్లో పోశారు. నేను అక్కడే నిలబడిపోయాను. మావారు రమ్మని పిలుస్తున్నా కాలు కదల్లేదు. ‘చెలమ’ అన్నాను పైకే. ఆ పిల్లలు నన్ను చూసి నవ్వారు.

ఆ దేశంలో ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు పలకరించాలి. మగవారినైతే ‘దుమేలా ర్రా’, ఆడవారినైతే ‘దుమేలా మ్మా’. ఆ తర్వాత ‘ఎలా నిద్ర లేచారు’ అని అడగాలి, వాళ్లూ మనల్ని అడుగుతారు, అప్పుడు పని మాట. మొదటి వారం ఒక దుకాణానికి వెళ్లి ‘చక్కెర ఉందా’ అని నేరుగా అడిగాను. లోపల ఉన్న పెద్దావిడ నా ముఖంలోకి చూసి, మెల్లగా ‘దుమేలా మ్మా’ అంది. నేను మళ్లీ ‘చక్కెర’ అన్నాను. ఆవిడ మళ్లీ అంతే మెల్లగా ‘దుమేలా మ్మా’ అంది. మూడోసారికి నాకు తెలిసింది. సిగ్గుతో చేతులు జోడించాను. ఆవిడ పొట్లం ఇస్తూ కుడి చేయి చాచి, ఎడమ చేత్తో ఆ కుడి మోచేతిని పట్టుకుంది. ఇచ్చినా పుచ్చుకున్నా అలాగే చేయాలి. ఒంటి చేత్తో విదిలించినట్టు ఇవ్వడం వాళ్లకు తెలియదు. మా అమ్మాయి ఆ అలవాటుతోనే పెరిగింది. తర్వాత మా ఊరు వచ్చినప్పుడు, నాయనమ్మ ఇచ్చిన అరిసెను రెండు చేతులా అందుకుంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు.

తల్లిని బిడ్డ పేరుతో పిలవడం అక్కడ మర్యాద. మా అమ్మాయిని ఇంట్లో చిన్ని అనేవాళ్లం. నెల తిరక్కముందే నేను ఆ వీధికంతటికీ ‘మ్మాచిన్ని’ అయిపోయాను. మా పల్లెలోనూ అంతే కదా, మా అమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ నాకు గుర్తులేరు.

తిండి సంగతి చెప్పాలి. చేరిన మర్నాడు తెల్లవారుజామున దంపుడు చప్పుడుకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే పక్కింటావిడ కొయ్య రోట్లో జొన్నలు దంచుతోంది. జొన్నను వాళ్లు ‘మబేలే’ అంటారు. ఆ పిండితో ‘బొహొబె’ వండుతారు. అది అచ్చంగా మన జొన్న సంకటి. అందులోకి ‘మదీలా’ వేసుకుంటారు. పాలను రోజుల తరబడి పులియబెట్టి, నీరు వార్చేసిన గడ్డపెరుగు అది. అలసంద ఆకును ఉడికించి, ఉండలు చేసి, ఎండబెట్టుకుని ఏడాది పొడుగునా కూర వండుకుంటారు. విమానంలో ఇన్ని వేల మైళ్లు ఎగిరి వచ్చింది మళ్లీ సంకటీ పెరుగూ తినడానికా అని మావారు ఆశ్చర్యపోయారు. నాకైతే ప్రాణం లేచి వచ్చింది. జావ కాచేటప్పుడు ఉండలు కట్టకుండా రెండు అరచేతుల మధ్య తిప్పే కొయ్య ఒకటి ఉంటుంది, ‘లెఫెట్లో’ అంటారు. మన కవ్వానికి తోబుట్టువు. నేను దాన్ని తీసుకుని గబగబా తిప్పడం చూసి పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులం. ఆవిడకు తెలుగు రాదు, నాకు సెట్స్వానా రాదు. రోజూ గంటసేపు మాట్లాడుకునేవాళ్లం.

కందిపప్పు, ఆవాలు, మెంతులు గుజరాతీల దుకాణాల్లో దొరికేవి. తరాలుగా అక్కడ వ్యాపారం చేస్తున్న కుటుంబాలు వారివి. పండుగలు మాత్రం తలకిందులు. సంక్రాంతి మండుటెండలో వచ్చేది. ఉగాది వాళ్ల చలికాలానికి ముందు వచ్చేది, అప్పటికి మామిడికాయ అయిపోయేది. పుల్లటి పచ్చ ఆపిల్‌ను సన్నగా తరిగి ఉగాది పచ్చడిలో వేసేదాన్ని. వేపపువ్వు అమ్మ ఎండబెట్టి కవరులో పంపేది. అక్కడ ఇంటికి ఉత్తరాలు పంచే పద్ధతి లేదు, అందరికీ తపాలా పెట్టెలే. శనివారం చిన్నిని వెంటబెట్టుకుని వెళ్లి పెట్టె తెరవడం, లోపల నీలిరంగు కవరు కనిపించిందా లేదా అని వంగి చూడడం, ఆ క్షణం గుండె కొట్టుకోవడం ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

1984 జనవరిలో ఊళ్లో కొత్తగా ఒక జూనియర్ సెకండరీ బడి తెరిచారు. దేశమంతటా అటువంటి బడులు వెలుస్తున్న కాలం అది. లెక్కల పంతులమ్మ కావాలన్నారు. నేను బీఎస్సీ, బీఈడీ చదివి ఇంట్లో ఉన్నాను, చేరాను. నాలుగు గదులు, రేకుల కప్పు, ఆవరణలో ఒక పెద్ద ముళ్లచెట్టు. కుర్చీలు రాలేదు. మొదటి నెల పిల్లలు ఇళ్ల నుంచి ముక్కాలి పీటలు తెచ్చుకున్నారు. ఫారం ఒకటిలో పన్నెండేళ్ల వాళ్ల పక్కన పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు కూర్చునేవారు. వాళ్లంతా అప్పటిదాకా పశువులు కాసినవాళ్లే. అక్కడ చాలా కుటుంబాలకు మూడు చోట్లు ఉండేవి. ఊళ్లో ఇల్లు, దూరంగా పొలాల దగ్గర గుడిసె, ఇంకా దూరంగా పశువుల మంద ఉండే ‘మొరాకా’. మగపిల్లల బాల్యం చాలావరకు మొరాకాలోనే గడిచిపోయేది.

వాళ్లలో ఒక కుర్రాడు ఉండేవాడు. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆల్జీబ్రా మొదలుపెట్టి రెండు వారాలైనా అతని పలక మీద, అదే పుస్తకం మీద, ఒక్క అక్షరం పడలేదు. ఒక మధ్యాహ్నం బడి కంచె పక్క నుంచి పెద్ద మంద ఒకటి పోతోంది. దుమ్ము లేచి తరగతిలోకి వచ్చింది. పిల్లలందరూ కిటికీల వైపు తిరిగారు. ఆ కుర్రాడు లేచి నిలబడి, ఆ మంద పక్కింటి మామయ్యదని, అందులో మచ్చల ఆవు ఒకటి, దాని దూడ ఒకటి లేవని చెప్పాడు. నువ్వు లెక్కపెట్టావా అని అడిగాను. లేదు, చూశాను అన్నాడు. వంద తలల మంద అది. నేను సుద్దముక్క తీసుకుని బల్ల మీద ఆ మందనే రాశాను. వచ్చినవి ఇన్ని, రావలసినవి ఇన్ని, రానిదాని పేరు ఎక్స్. ‘ఎక్స్ అంటే తప్పిపోయిన ఆవు’ అన్నాను. అతను ముందు వరుసలోకి వచ్చి కూర్చున్నాడు. ఆ ఏడాదంతా నేను నీళ్ల తొట్లూ రైళ్లూ వదిలిపెట్టి పశువులతోనే పాఠం చెప్పాను. సెట్లు చెప్పాలంటే మందలు, నిష్పత్తులు చెప్పాలంటే పాడి, శాతాలు చెప్పాలంటే కరువులో చచ్చిపోయినవి.

అవును, కరువు. మేము వెళ్లేనాటికే మొదలైంది, 1987 దాకా సాగింది. మా నాన్న ఉత్తరాల్లోనూ అదే మాట, ఇక్కడ నా కిటికీ బయటా అదే. రోడ్డు పక్కన ఆవుల డొక్కలు కనిపించేవి. పక్కింటావిడ రెండేళ్లు వరుసగా విత్తనం చల్లి, రెండేళ్లూ గింజ చూడలేదు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోజు కూలికి ఆవిడ మట్టిరోడ్డు వేయడానికి వెళ్లేది. బడుల్లో పిల్లలకు తిండి పెట్టేవారు. గనుల్లో వచ్చిన డబ్బు పల్లె పొయ్యి దాకా చేరడం నేను కళ్లారా చూశాను. పేద దేశాలంటే ఇలాగే ఉంటాయని మన దగ్గర అనుకునేవాళ్లతో నేను ఎన్నిసార్లు పోట్లాడానో!

ఆ రోజుల్లోనే సిబ్బంది గదిలో ఒక పెద్ద మాస్టారు విశ్వవిద్యాలయం కథ చెప్పారు. మొదట బోట్స్వానా, లెసోతో, స్వాజీలాండ్ మూడింటికీ కలిపి ఒకటే విశ్వవిద్యాలయం ఉండేది. 1975లో లెసోతో విడిపోయింది. బోట్స్వానా వాళ్లు తమ పిల్లల చదువుకు తమ నేల మీద చోటు కావాలనుకున్నారు, చేతిలో డబ్బు లేదు. ‘మొథో లె మొథో ఖొమొ’ అన్నారు. మనిషికో పశువు అని అర్థం. ఉన్నవాళ్లు ఎద్దునో ఆవునో తోలుకొచ్చి ఇచ్చారు. లేనివాళ్లు ధాన్యం, కోళ్లు, గుడ్లు, చిల్లర డబ్బులు ఇచ్చారు. 1982లో అది సొంత విశ్వవిద్యాలయం అయింది. ఆ మాస్టారు చెబుతూ, ‘మా అమ్మ ఇచ్చిన ఎద్దు పేరు కూడా నాకు గుర్తుంది’ అన్నారు. చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

1985 జూన్ 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికా సైనికులు సరిహద్దు దాటి గాబరోన్‌లో ఇళ్ల మీద పడి 12 మందిని చంపారు. రేడియోలో విన్నాం. ఆ రోజు బడిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను పాఠం చెప్పలేకపోయాను.

1986లో నాన్న పోయారు. తంతి అందేసరికి అక్కడ మూడో రోజు కూడా అయిపోయింది. వెళ్లినా ఏం చూస్తాను? ఆ సాయంత్రం వంటగది నేల మీద కూర్చుండిపోయాను. చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. పక్కింటావిడ, ఆవిడ వెనక వీధిలోని ఆడవాళ్లు ఏడెనిమిది మంది. అందరి భుజాల మీద శాలువలు, పిన్నులు పెట్టుకుని. చావు ఇంటికి వెళ్లేటప్పుడు అలా కప్పుకోవడం వాళ్ల మర్యాద. ఎవరూ ఏమీ అడగలేదు. నా చుట్టూ నేల మీదే కూర్చున్నారు. కాసేపటికి ఒకావిడ మెల్లగా ప్రార్థన పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు గొంతు కలిపారు. అక్కడ ఎవరైనా పోతే, ఖననం అయ్యేవరకు రోజూ సాయంత్రం ఆ ఇంట్లో అలా ప్రార్థన చేస్తారు. మా నాన్న దహనం ఏడు సముద్రాల అవతల ఎప్పుడో అయిపోయింది. అయినా వాళ్లు అయిదు రోజులు వచ్చారు. అయిదు రోజులూ మా పొయ్యి వెలగలేదు, పక్కింటి నుంచి బొహొబె వచ్చేది. మావారు ‘మీ నాన్నగారికి ఇక్కడ కూడా బంధువులు ఉన్నారు’ అన్నారు. అప్పుడు ఏడుపు వచ్చింది నాకు, అంతవరకు రాలేదు.

1987 చివర్లో, ఫారం రెండుకు పాఠం చెబుతున్నాను. పొద్దుటి నుంచీ ఉక్కపోత. మధ్యాహ్నానికి పడమట నల్లగా కమ్మింది. అటువంటి మబ్బులు అంతకుముందు ఎన్నో వచ్చి పోయాయి కనుక ఎవరూ పట్టించుకోలేదు. రేకుల మీద ఒక చినుకు పడింది. టప్. నా చేతిలో సుద్దముక్క ఆగింది. ఇంకొకటి. పిల్లలందరూ తలలు పైకెత్తారు. ఆ తర్వాత రేకుల కప్పు మీద ఎవరో బస్తాలకొద్దీ గులకరాళ్లు కుమ్మరించినట్టు ఒకటే మోత. నా మాట నాకే వినపడలేదు. నేను తలుపు తీసి, బయటికి వెళ్లండని చేత్తో సైగ చేశాను. అన్ని తరగతుల పిల్లలూ వరండాలోకి, వరండా లోంచి ఆవరణలోకి పరుగెత్తారు. ‘పులా! పులా!’ అని ఒకటే కేక. సిబ్బంది గదిలోంచి వచ్చిన ఆ పెద్ద మాస్టారు టోపీ తీసేసి, తల ఆకాశానికి ఎత్తి, కళ్లు మూసుకుని తడుస్తున్నారు. నేనూ తడిశాను. చీర కుచ్చిళ్లు ఎర్రమట్టిలో ఈడ్చుకుపోయాయి. ఆ మట్టి వాసన అచ్చంగా మా ఊరిదే.

ఇంటికి వచ్చి తల కూడా తుడుచుకోకుండా కాగితం తీసుకుని ‘నాన్నకు నమస్కారాలు’ అని రాశాను. రాశాక గుర్తుకు వచ్చింది. ఆ కాగితం దాచి, ఇంకొకటి తీసి అమ్మకు రాశాను.

రెండేళ్ల కోసం వెళ్లినవాళ్లం పదేళ్లకు పైగా ఉన్నాం. చెల్లెళ్ల పెళ్లిళ్ల అప్పు మూడో ఏటే తీరింది. ఒప్పందం తర్వాత ఒప్పందం సంతకం చేశాం. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ సిబ్బంది గదిలో బయటి దేశాల ముఖాలు తగ్గి, అక్కడి పిల్లల ముఖాలు పెరిగాయి. ఆ దేశం అడిగింది, కోరుకున్నది అదే. మమ్మల్ని పిలిచింది కూడా అందుకే.

1993 జనవరిలో కొత్త లెక్కల మాస్టారు వచ్చారన్నారు. గుమ్మంలో నిలబడి ఉన్న మనిషిని చూశాను. తెల్లచొక్కా, టై. గోడకు ఆనుకోవడం మాత్రం మానలేదు. సీనియర్ బడి పూర్తి చేసి, ‘తిరేలో సెచాబా’ అనే జాతీయ సేవ కింద ఏడాది పాటు ఎక్కడో మారుమూల పల్లెలో పనిచేసి, ఆపైన మొలెపొలోలెలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి తన బడికే వచ్చాడు. ‘దుమేలా మొరుతబానా’ అన్నాడు. ఉపాధ్యాయురాలా, నమస్కారం అని. నేను ‘దుమేలా ర్రా’ అన్నాను. విద్యార్థిని అలా అనరు, తోటివారినే అంటారు. అతను తల దించుకున్నాడు. ఆ ఏడాదంతా ఇద్దరం కలిసి చెప్పాం. డిసెంబరులో లెక్కల బీరువా తాళంచెవులు అతని చేతిలో పెట్టాను. కుడి చేయి చాచి, ఎడమ చేత్తో మోచేయి పట్టుకుని అందుకున్నాడు. తర్వాత ఒక మాట అడిగాడు: ‘ఆ తప్పిపోయిన ఆవు పాఠం ఏ వారంలో చెప్పేవారు?’

వెళ్లేరోజు సామాను బండిలోకి ఎక్కిస్తుంటే పక్కింటావిడ కంచె దాటి వచ్చింది. చేతిలో లెఫెట్లో, ఏళ్ల తరబడి అరచేతుల మధ్య తిరిగి నున్నబడిన కొయ్య. రెండు చేతులా ఇచ్చింది, రెండు చేతులా తీసుకున్నాను. అక్కడ వెళ్లేవాళ్లకు, ఉండేవాళ్లకు వేర్వేరు మాటలు ఉంటాయి. ఆవిడ నాతో ‘త్సమాయా సెంట్లె’ అంది. క్షేమంగా వెళ్లిరా. నేను ‘సాలా సెంట్లె’ అనాలి, నువ్వు క్షేమంగా ఉండు అని. పదేళ్లలో వందలసార్లు అన్న మాటే. ఆ వేళ గొంతులోంచి రాలేదు. ఆవిడ చేతులు పట్టుకుని తెలుగులోనే ‘వెళ్లొస్తానమ్మా’ అన్నాను. ఆవిడకు అర్థమైంది.